మేత జాడ

ఆ పొద్దున ఇంట్లో గొడవ మీగడ దగ్గర మొదలైంది.

అత్తగారు ఫ్రిజ్ తెరిచి, గిన్నె మూత తీసి, లోపలికి చూసి, మూతని గాల్లోనే పట్టుకుని నిలబడిపోయారు. ఆవిడ అరిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మాట్లాడకుండా నిలబడితేనే అందరి గుండెల్లోనూ రాయి పడుతుంది.

"ఇంట్లో పిల్లి లేదు," అన్నారు చివరికి, మనుషులతో కాకుండా ఫ్రిజ్‌తో. "ఎలకలు లేవు. మరి రోజూ పాల మీంచి తీసి తీసి నేను దాచిపెట్టిన మీగడని ఎవరు మేసినట్టు?"

హాల్లో పేపరు చదువుతున్న కొడుకు పేపరుని ఇంకాస్త పైకెత్తాడు. అతను చేసిన తప్పు అదే.

"ఒరే, నిన్నే."

"నన్నెందుకంటావు? నేను లేచిందే ఇప్పుడు."

"లేవకముందు తిన్నావేమో. చిన్నప్పుడు చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి..."

"అమ్మా, నాకు జుట్టు నెరిసింది. ఆ చక్కెర డబ్బాకి ఇంకా మూత పెట్టవా?"

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనవరాలు గుమ్మంలో చెప్పులు విప్పుతూ రెండు చేతులూ పైకెత్తింది. "నేను రాత్రంతా ఆస్పత్రి ల్యాబ్‌లో ఉన్నాను నానమ్మా. కావాలంటే సాక్షుల్ని తెస్తాను."

వంటగట్టు దగ్గర మధ్యాహ్నం డబ్బాలు సర్దుతున్న కోడలికి ఈ గొడవలో తల దూర్చే తీరిక లేదు. నిన్న సాయంత్రం వంట చేస్తున్నంతసేపూ మ్యూజియం పెద్దాయనతో ఫోనులో వాదించి వాదించి ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అయినా గిన్నె కంటపడేసరికి ఉండబట్టలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న టార్చి తీసింది.

మ్యూజియంలో శిలాజాల విభాగం ఆమెది. చూడ్డానికొచ్చిన బడిపిల్లలెవరో ఒకప్పుడు 'రాళ్ళమ్మ' అన్నారు. ఆ పేరు సిబ్బందికి పాకి, అక్కణ్ణుంచి ఇంటికొచ్చి, అత్తగారి నోట్లో స్థిరపడిపోయింది. అయితే రాళ్ళమ్మ చదివినవి ఎముకలూ గవ్వలూ కావు, జాడలు. జంతువు కుళ్ళి మట్టిలో కలిసిపోయాక కూడా అది నడిచిన గుర్తు, తవ్విన గుర్తు, మేసిన గుర్తు రాతిలో మిగిలిపోతుంది. అలాంటి జాడ చదవాలంటే వెలుతురు నెత్తిమీద పడకూడదు. పక్కనుంచి నేలబారుగా పడాలి. అప్పుడే ప్రతి గాటుకీ నీడ లేస్తుంది.

రాళ్ళమ్మ గిన్నె అంచుకి టార్చి ఆనించి వంగి చూసింది.

"చెంచా గిన్నె అంచు వెంబడే తిరిగింది," అంది. "ఒక చుట్టు అయ్యాక దాన్ని ఆనుకునే రెండో చుట్టు. ఎక్కడా తీసిన చోట మళ్ళీ తియ్యలేదు, మధ్యలో తియ్యనిది వదల్లేదు. నడుమనున్న మీగడ ముట్టుకోలేదు. లోతు కూడా మొదట్నుంచీ చివరిదాకా ఒక్కటే. ఆత్రం లేదు, అదురు లేదు."

"అంటే?" అన్నారు అత్తగారు.

"అంటే ఏముంది అత్తయ్యా. స్కేలు పెట్టి గీసినట్టు తినే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు."

ఆమె భర్త నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల నక్షాలు గీస్తాడు. పెన్సిళ్ళు పొడుగు వరసలో పేరుస్తాడు. రొట్టెకి వెన్న రాస్తే మూలలు కూడా వదలడు. ఇంక వేరే సాక్ష్యం ఎవరికి కావాలి?

పేపరు కిందికి దిగింది. "నేను తినలేదు," అన్నాడాయన. గట్టిగా అనలేదు. అందుకే ఎవరికీ వినబడలేదు.

"తిన్నా తప్పేం లేదులెండి. చెప్పి తింటే సరిపోయేది."

"తిననివాడు చెప్పి తినడం ఎలా?" పేపరుని నాలుగు మడతలు పెట్టి, మడతల్ని గోటితో నొక్కి, బల్ల మీద పెట్టాడు. "సరే. ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో నాకు పాలొద్దు, మీగడొద్దు, వెన్నొద్దు. నల్లకాఫీ ఇవ్వండి. దొంగలకి అది చాలు."

"అలిగితే మీగడ తిరిగొస్తుందిట్రా?" అన్నారు అత్తగారు.

ఆయన నల్లకాఫీ తాగాడు. ప్రతి గుక్కకీ మొహం ముడుచుకుపోతున్నా చివరి చుక్కదాకా తాగాడు. రాళ్ళమ్మ సింకులో ఉన్న చిన్న చెంచా కడిగి బోర్లించి, బస్సుకి పరిగెత్తింది. మొగుడి అలక గురించి ఆలోచించే వ్యవధి ఆమెకి లేదు. జాడ అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆలోచించడానికి మాత్రం ఏముంది?

మ్యూజియంలో ఆమె కోసం ఇంకో గొడవ ఎదురుచూస్తోంది.

కొత్త గ్యాలరీ గురువారం ప్రారంభం. దాని నడుమ గాజుపెట్టె, అందులో ఒక రాతి పలక. ఆ పలకని క్వారీ వాళ్ళు పగలగొట్టి కంకర చెయ్యబోతుంటే అడ్డంపడి, గోనెసంచులు చుట్టించి, లారీలో తన పక్కన పడుకోబెట్టుకున్నట్టు తెచ్చింది రాళ్ళమ్మ. ఒకప్పుడది సముద్రం అడుగున మెత్తని బురద. ఆ బురదలో ఒక పురుగు మేసింది. బురదే దాని తిండి, బురదలో కలిసిన నాచూ కుళ్ళూ దాని రుచి. ఒక పక్కనుంచి తిన్నగా వెళ్ళి, చివర మడత తిరిగి, తిన్న గీతని ఆనుకునే వెనక్కొచ్చి, మళ్ళీ మడత తిరిగి, దున్నేవాడు సాలు పక్కన సాలు వేసుకుంటూ పోయినట్టు మేసింది. తిన్నచోట మళ్ళీ తినలేదు. తిననిచోటు వదల్లేదు. కళ్ళున్నాయో లేవో కూడా తెలియని జీవికి అంత పొదుపు ఎవరు నేర్పారా అని ఎన్నిసార్లు చూసినా ఆమెకి ముచ్చటే.

ఆ సాళ్ళని కోసుకుంటూ కుడిపక్కన వెడల్పాటి జంట గాడి ఒకటి పోతుంది. గాడి పొడుగునా దువ్వెనతో గీకినట్టు సన్నని గాట్లు. చాలా కాళ్ళున్న పెంకు జంతువేదో బురదని తవ్వుకుంటూ పోయిన గుర్తు. ఆ గాడి దగ్గర పురుగు సాళ్ళు తెగిపోతాయి.

పెద్దాయన కళ్ళకి అది వేట. పెట్టె పక్కన బోర్డు కూడా సిద్ధమైపోయింది. పైన పెద్ద అక్షరాల్లో 'తొలినాటి వేట'. కింద 'ప్రాణభయంతో మెలికలు తిరుగుతూ పారిపోతున్న పురుగును పెంకు జంతువు ఒడిసిపట్టిన క్షణం'.

నిన్న సాయంత్రం ఫోనులో గొంతు పోగొట్టుకున్నది దీనికోసమే. పారిపోయేది ఎక్కడైనా సాలు పక్కన సాలు వేసుకుంటూ పారిపోతుందా సార్ అని అడిగింది. పైగా గాడికి అవతల, పలక అంచున, పురుగు సాళ్ళు మళ్ళీ కనబడతాయి, చచ్చిపోయిన పురుగు మేస్తుందా అని అడిగింది. "రేపు మీరే వచ్చి చూపించండమ్మా," అన్నారాయన.

చూపిద్దామని వస్తే అవతలి పక్క లేదు.

పలక కుడి అంచు నిలువునా తెల్లగా, పచ్చిగా మెరుస్తోంది. రంపం పోయిన చారలు కూడా ఆరలేదు. వడ్రంగి మేస్త్రి గాజుకి రబ్బరు దూర్చుకుంటున్నాడు.

"ఎవరు కోశారిది?"

"రాళ్ళు కోసేవాణ్ణి పిలిపించారు మేడమ్, పొద్దున్నే," అన్నాడు మేస్త్రి. "పెట్టెలో పట్టలేదు. గాజు కోసేశాక ఇంక పెంచలేం గదా. రాయి తగ్గించమన్నారు."

"రాయి తగ్గించడమేమిటి మేస్త్రీ! అదేమైనా టేకు చెక్కా?"

"ఎంతనీ మేడమ్, ఇంత," అని నాలుగు వేళ్ళు చూపించాడు. "అటుపక్క ఏం లేదు కూడానూ. ఒట్టి గీతలే."

"ఇటుపక్కున్నవేమిటి మరి? బొమ్మలా?"

మేస్త్రి పెట్టెలోకి తొంగి చూసి, నిజమేనన్నట్టు తల గోక్కున్నాడు.

అంతలో పెద్దాయనే వచ్చారు. వెనక బారులు తీరి బడిపిల్లలు. ప్రారంభానికి ముందు ఒకసారి చూపిస్తానని వాళ్ళ టీచరుకి మాటిచ్చారట. పెద్దాయన చెడ్డవాడు కాదు, ఆమెకి అసలు తలనొప్పి అదే. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని ఇంటికి పోవచ్చు. ఈయన కారే కప్పు కింద బకెట్లు తానే మోసి పెడతాడు. సిబ్బందిలో ఎవరి పిల్లలకి జ్వరమొచ్చినా ఫోను చేసి అడుగుతాడు. జనం రాక మ్యూజియం మూసేస్తారేమోనని ఆయనకి బెంగ. ఆ బెంగతో దేన్ని చూసినా ఏదో ఒక దెబ్బలాట కనబడుతుంది.

పెద్దాయన పెట్టె ముందు వంగి రెండు చేతులూ గోళ్ళలా విప్పారు. "అదిగో, పురుగు. హాయిగా పోతోంది. వెనకనుంచి... చప్పుడు చెయ్యకండి... వెనకనుంచి వస్తోంది! ఇన్ని కాళ్ళు! పురుగు చూసింది. పరిగెత్తింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది..." ఆయన చొక్కా చెమటతో తడిసింది. "ధబ్!"

పిల్లలు కెవ్వుమన్నారు.

"చచ్చిపోయేటప్పుడు అరిచిందా సార్?" అని అడిగాడొకడు.

"అరిచే ఉంటుంది!"

రాళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ముందు వరసలో ఒక పాప ఆ పురుగు కోసం నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. టీచరు చేతిగుడ్డ తీసింది. పెద్దాయన పాప తల నిమిరి, రాళ్ళమ్మ పక్కకొచ్చి, గొంతు తగ్గించి సంబరంగా అన్నారు:

"చూశారా! మీ సాళ్ళకి ఇన్నేళ్ళలో ఎవరైనా ఒక్కళ్ళు ఏడ్చారా?"

"ఏడవాల్సిన పని లేదు సార్. ఏం జరగలేదక్కడ."

"అదేనమ్మా ఇబ్బంది. ఏం జరగనిది చూడ్డానికి జనం బస్సెక్కి రారు."

"కోసేసిన ముక్క ఎక్కడ సార్?"

"ఇక్కడే ఎక్కడో ఉంటుంది. నాలుగు వేళ్ళ ముక్కకి ఇంత రాద్ధాంతమా?"

ముక్క ఇక్కడే ఎక్కడో లేదు. రాళ్ళు కోసేవాడు మేస్త్రికిచ్చానన్నాడు. మేస్త్రి చెత్తలో వేశానన్నాడు. చెత్త ఎత్తే మనిషి, ఇటుకముక్కలతో కలిపి పెరట్లో పోశానన్నాడు. ఒక్కొక్కరూ తమ వంతు పని తాము చక్కగానే చేశారు. ఆ చక్కదనానికే రాళ్ళమ్మకి ఒళ్ళు మండిపోయింది. కొంగు బిగించి ఇటుకముక్కల గుట్టంతా తిరగేసింది. చేతులు గీసుకుపోయాయి, చీర కుచ్చిళ్ళు ఎర్రబడ్డాయి, ముక్క దొరకలేదు. పలకకి తీసిన ఫొటోలు వెతికింది. అన్నీ ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసినవే. అంచు దగ్గర చదునైన తెల్ల మచ్చ తప్ప ఏమీ కనబడదు.

ఇంట్లో అత్తగారు కొత్త మీగడని వేరే గిన్నెలోకి తీస్తున్నారు. ఆయన నల్లకాఫీ దీక్ష సాగుతూనే ఉంది. ఎవరూ బతిమాలకపోవడంతో దీక్ష మరింత ముదిరింది. "పాలు పొయ్యనా?" అని కూతురు అడిగితే, "ఎందుకమ్మా, మళ్ళీ గిన్నె తగ్గిందంటారు," అన్నాడు. రాళ్ళమ్మ విననట్టు గిన్నెలు సర్దుకుంది. ఒక మీగడ గిన్నెకి ఇంత పట్టుదలా అని మనసులో విసుక్కుంది.

మర్నాడు ముక్క దానంతటదే కనబడింది. చేతులు కడుక్కుందామని మ్యూజియం పెరట్లో కుళాయి దగ్గరికి వెళితే, బకెట్ కింద ఎత్తుకి ఒక రాయి పెట్టి ఉంది. ఒక అంచు తెల్లగా, పచ్చిగా ఉంది.

"ఏయ్ తోటమాలీ!"

"బురదవుతోందమ్మా, బకెట్ వొరిగిపోతోంది. సరిగ్గా సరిపోయింది," అన్నాడతను మెచ్చుకోలు కోసం చూస్తూ.

రాళ్ళమ్మ అతన్ని తిట్టబోయి, అక్కడే కూలబడి, ముక్కని ఒళ్ళో పెట్టుకుంది. సబ్బు మురికి అంటుకుపోయింది. పళ్ళు తోముకునే బ్రష్షుతో, నీళ్ళు చుక్క చుక్కగా పోస్తూ, పసిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దింది. ఆరనిచ్చి, మెట్ల కింద చీకటి మూలకి తీసుకెళ్ళి, పక్కనుంచి టార్చి వేసింది. సాళ్ళు లేచాయి. ఒకదాన్నొకటి ఆనుకుని, అదే ఎడం, అదే లోతు. గాడికి అవతల కూడా ఆ జీవి నింపాదిగా మేస్తూనే ఉంది. చివరి సాలు కాస్త వంకరపోయి, మేత చాలనుకున్నట్టు, పక్కకి జారి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ముక్కని తువ్వాలులో చుట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన్ని గ్యాలరీకి తీసుకొచ్చి, దీపాలార్పించి, పెట్టె తలుపు తీయించి, ముక్కని పలక అంచుకి చేర్చి పట్టుకుంది. రంపం మింగిన రాయి పోగా మిగిలిన సాళ్ళు ఎదురెదురుగా కలిశాయి.

"చూడండి సార్. గాడికి ఇవతలి సాళ్ళూ అవతలి సాళ్ళూ ఒకటే వరస. గాట్లు ఈ సాళ్ళ మీంచి పోయాయి. అంటే సాళ్ళు ముందు, గాడి తర్వాత. పెంకు జంతువు వచ్చేసరికి పురుగు మేసి వెళ్ళిపోయింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోనే లేదు."

పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు. ఆయన నిజంగానే చూశారు, అది ఒప్పుకోవాలి.

"అవునమ్మా," అన్నారు. "మీరన్నది నిజం. వెళ్ళిపోయింది."

ఆమెకి ఇన్నాళ్ళ బరువు దిగినట్టయింది. "అయితే బోర్డు మార్చేద్దాం సార్."

"ఏమని?"

"'బురదలో పురుగు మేసిన జాడ' అని. రాసి కూడా పెట్టాను."

"పురుగని ఎవరు చెప్పారు?"

రాళ్ళమ్మ చెయ్యి ముక్క మీద అలాగే ఉండిపోయింది.

"ఇందులో తల లేదు, తోక లేదు, ఒళ్ళు లేదు," అన్నారు పెద్దాయన. "నత్తలాంటిది కావచ్చు. మనం పేరు కూడా పెట్టనిది కావచ్చు. ఒకే జంతువు పది రకాల జాడలు వేస్తుందనీ, పది జంతువులు కలిసి ఒకే రకం జాడ వెయ్యగలవనీ, జాడ చూసి ఎలా తిందో చెప్పాలి గానీ ఎవరు తిన్నారో తేల్చెయ్యకూడదనీ కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది మీరే గదా. వెనక కుర్చీలో కూర్చుని నేనూ విన్నాను." ఆయన వెటకారంగా అనలేదు. అలసిపోయి అన్నారు. "మీరొకటి ఊహించారు, నేనొకటి ఊహించాను. నా ఊహకి జనం వస్తారు."

రెండూ ఒకటి కాదని ఆమెకి తెలుసు. రాయి కాదన్నది చెప్పడం వేరు, రాయి చెప్పనిది చెప్పడం వేరు. కానీ తన పాఠాన్ని తనకే వడ్డించేసరికి తల దించి, ముక్కని మళ్ళీ తువ్వాలులో చుట్టింది.

"బోర్డు మార్చడానికి వీల్లేదమ్మా. ఆహ్వానాల మీద కూడా వేటనే వేయించాం. రేపు పెట్టె పక్కన నిలబడి బోర్డు మీద ఉన్నదే చెప్పండి. మీకు మనసొప్పకపోతే, గోదాము చూసుకుంటానని ఒక కాగితం రాసివ్వండి. మీరు కోరినట్టే ఉండాలి, నేను పంపించినట్టు ఉండకూడదు. మీ గౌరవం కోసమే చెబుతున్నాను."

గోదాము ఊరవతల ఉంది. అరల నిండా రాళ్ళు, అరల మీద దుమ్ము. ఏడాది పొడుగునా ఒక్క పిల్లో పిల్లాడో వచ్చి "ఇదేంటి?" అని అడగరు. ఆమె బతుకంతా ఆ ప్రశ్న కోసమే. అయినా తలెత్తి, "రాసిస్తాను సార్," అంది. ముక్కని సొరుగులో పెట్టి తాళం వేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాగితంలో ఏ మాటలు వాడాలో కూర్చుకుంటూ ఉంటే, అవమానంలో కూడా ఏదో తీపి ఉన్నట్టనిపించింది. తను లేకపోతే తెలిసొస్తుంది వీళ్ళకి, అనుకుంది.

ఇంటికొచ్చేసరికి ఆయన హాల్లో కూర్చుని నల్లకాఫీ వంక శత్రువుని చూసినట్టు చూస్తున్నాడు. అత్తగారు బాల్కనీలో బట్టలు మడత పెడుతున్నారు. కూతురికి ఆ రాత్రి సెలవు, గదిలో పడుకుని ఉంది. రాళ్ళమ్మ పొయ్యి మీద కూర పెట్టి గరిటె తిప్పుతుంటే ఫోను మోగింది. మ్యూజియం గుమాస్తా.

"మేడమ్, కాగితం రేపు పొద్దున్నే తెచ్చేస్తారా? ప్రారంభానికి ముందే ఫైల్లో పెట్టమన్నారు."

"తెస్తానని చెప్పాను గదండీ."

"అదే, ఆరోగ్య కారణాల వల్ల అని రాస్తే బావుంటుందని పెద్దాయన..."

"నా ఆరోగ్యానికేం వచ్చిందండీ! గుండ్రాయిలా ఉన్నాను."

"కోప్పడకండి మేడమ్, ఆయన చెప్పమన్నది చెబుతున్నాను."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మాటకి మాట అంటూ, ఆమె కూర మంట తగ్గించింది. గట్టు తుడిచింది. ఉప్పు చూసే చిన్న చెంచా చేతిలోకి తీసుకుంది. గుమాస్తా ఏదో సర్దిచెబుతున్నాడు. అవతలి గొంతు ఆగాక, ఫోను తీసి గట్టు మీద పెట్టబోతుంటే నోట్లో చల్లగా, కమ్మగా తగిలింది.

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. గిన్నె మూత ఆమె చంకలో ఉంది. చెంచా ఆమె నోట్లో ఉంది.

ఆమె గిన్నెలోకి చూసింది. టార్చి అక్కర్లేకపోయింది. పాత చుట్టుని ఆనుకునే కొత్త చుట్టు. అదే వెడల్పు, అదే లోతు. ఎక్కడా పాత చుట్టుని దాటలేదు. నడుమనున్న మీగడ అలాగే ఉంది.

మూత చంకలోంచి జారి నేల మీద గింగిరాలు తిరిగింది. ఆమె వంగి తియ్యలేదు. పెద్దాయన ఫోను, బొంగురు గొంతు, మర్నాడు పొద్దున సింకులో తను కడిగి బోర్లించిన ఇదే చెంచా, ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆవేళనే కాదు, ఎప్పుడూ ఆమె తిండి ఇంతే. నిలబడి, ఏదో ఆలోచిస్తూ, కూరలోనైనా పెరుగులోనైనా అంచునుంచి ఒక చెంచా. నడుమన తీస్తే గుంట పడుతుంది, తర్వాత తినేవాళ్ళకి ఎంగిలిలా కనబడుతుంది. అంచునుంచి తీస్తే గిన్నె నిండుగానే ఉన్నట్టుంటుంది. ఆ పొదుపు ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఒక మనిషి ఇలా తింటుందని గిన్నె అంత వివరంగా చెబితే, టార్చి వేసి మరీ మొగుడి పేరు చదివింది.

"ఏం పడిందమ్మాయ్?" అన్నారు అత్తగారు బాల్కనీలోంచి.

"మూత అత్తయ్యా," అంది రాళ్ళమ్మ.

భోజనాలకి అందరూ కూర్చున్నారు. మామూలుగా ఆమె గరిటె పట్టుకుని నిలబడి, అందరిదీ అయ్యాక తింటుంది. ఆ పూట గిన్నెలన్నీ బల్ల మీదికి చేర్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరూ ఆమె వంక చూశారు. ఆమె మళ్ళీ లేచి, మీగడ గిన్నె తెచ్చి బల్ల నడుమ పెట్టి, మూత తీసి, కూర్చుంది.

అత్తగారు తొంగి చూశారు. "మళ్ళీనా! ఒరే..."

"ఆయన కాదు అత్తయ్యా. నేను. మొన్నా నేనే, ఇవాళా నేనే. ఫోను మాట్లాడుతూ తినేశాను. తిన్నట్టు నాకే తెలియదు."

కూతురు నవ్వు ఆపుకోలేక నీళ్ళు చిమ్మింది. "నానమ్మా, కేసు రాసిన పోలీసే దొంగ!"

ఆయన నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "నేను తినలేదని చెప్పాను," అన్నాడు.

"చెప్పారు."

"టార్చి వేసి తేల్చావు."

"ఎలా తిన్నారో సరిగ్గానే చదివానండీ. ఎవరు తిన్నారన్నది గిన్నెలో లేదు. మీ గురించి నేననుకునేది గిన్నెలో చూశాను. తప్పు నాది."

ఆయన మళ్ళీ కూర కలుపుకున్నాడు. "ఆ నల్లకాఫీ మాత్రం," అన్నాడు చివరికి, "విషమే అనుకో."

"మరి తాగమని ఎవరన్నారు?" అన్నారు అత్తగారు. "రేపు పొద్దున పాలు పోసిస్తాను, మొహం విప్పి తాగు."

రాళ్ళమ్మకి కూడా నవ్వొచ్చింది గానీ నిలవలేదు. కోసేసిన రాయి గురించి, కాగితం గురించి చెప్పింది. గోదాము అనేసరికి కూతురి నవ్వు ఆగిపోయింది.

"అక్కడికి పిల్లలెవరూ రారు గదమ్మా. నువ్వేం చేస్తావక్కడ?"

"రాళ్ళు లెక్కపెట్టుకుంటాను. ఆ బోర్డు పక్కన నిలబడి అబద్ధం చెప్పడం కంటే నయం. నేను లేకపోతే వాళ్ళకే తెలిసొస్తుంది."

"ఏం తెలిసొస్తుంది?" అన్నారు అత్తగారు. "నువ్వు పోతే ఇంకెవరో వచ్చి వేటంటారు. అలిగితే రాయి అతుక్కుంటుందా?"

ఆయన తలెత్తి తల్లి వంక చూసి, తర్వాత భార్య వంక చూసి, మళ్ళీ కంచంలోకి చూశాడు. రాళ్ళమ్మకి బస్సులో తగిలిన తీపి గుర్తొచ్చింది. అది ఏ తీపో ఇప్పుడు తెలిసింది. హాల్లో కూర్చుని చేదు మింగుతున్న మనిషి మొహంలో అదే చూసి విసుక్కుంది తను.

అత్తగారు మీగడ గిన్నెని ఆమె ముందుకి జరిపారు. చెంచా ఒకటి అందులో నిలబెట్టారు. "ఆ అంచులు గీకడం ఇంక చాలు గానీ, నడుమనుంచి తీసుకో. మిగిలితే వెన్న తీస్తాను. మిగలకపోతే కొంప మునగదు."

రాళ్ళమ్మ చెంచా పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత గిన్నె నడుమకి దించి, నిండుగా తీసి, కంచంలో వేసుకుంది. అక్కడ గుంట పడింది.

"కాగితం రాయను," అంది. "రేపు రాయి పక్కనే నిలబడతాను. కోసేసిన ముక్క చేత్తో పట్టుకుని నిలబడతాను. వేటనీ చెప్పను, పురుగనీ చెప్పను. ఇక్కడ ఏదో ఒకటి నింపాదిగా మేసి వెళ్ళిపోయింది, అది పోయాక ఇంకొకటి వచ్చింది, ఎవరో మాకు తెలియదు, ఎలా తిన్నాయో మీరే చూడండి అని చెబుతాను. నన్ను పంపించాలంటే పెద్దాయనే పంపించాలి, వచ్చినవాళ్ళందరి ముందూ."

ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ టార్చిలో కొత్త బ్యాటరీలు వేసి పెట్టండి."